ఖాళీ సీటు ఎవరిది? సంపూర్ణ వర్ణాంధత్వంలో మెదడు చిత్రాల సాక్ష్యంపై విమర్శ

పాఠ్యభాగం 7

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• సంపూర్ణ వర్ణాంధత్వంలో కంటికి, మెదడుకు మధ్య ఏం జరుగుతుందో వివరించగలుగుతారు.
• మెదడు చిత్రం ఎలా తయారవుతుందో, దాని మీద ఎంతవరకు ఆధారపడవచ్చో చెప్పగలుగుతారు.
• ఒకే ప్రశ్నకు వేరువేరు జవాబులిచ్చిన రెండు పరిశోధనలను పోల్చి విమర్శించగలుగుతారు.
• పరిశోధన ఫలితానికీ, దాన్ని చెప్పడానికి వాడిన ఉపమానానికీ తేడా గుర్తించగలుగుతారు.

7.1 ప్రస్తావన

విమర్శ అనగానే మీకు కావ్యం, కథ, నవల గుర్తుకు రావడం సహజం. అయితే శాస్త్రవేత్త రాసే పరిశోధన వ్యాసం కూడా ఒక రచనే. అందులోనూ పదాల ఎంపిక ఉంటుంది, ఉపమానం ఉంటుంది, చెప్పినదీ చెప్పకుండా వదిలినదీ ఉంటాయి. వీటికి తోడు బొమ్మ ఉంటుంది. బూడిదరంగు మెదడు మీద ఎరుపు, పసుపు మచ్చలున్న బొమ్మలను మీరు దినపత్రికల్లో చూసే ఉంటారు. అలాంటి బొమ్మ పక్కన ఏ వాక్యం రాసినా పాఠకుడు ఇట్టే నమ్ముతాడు. కాబట్టి అక్కడే విమర్శకుడి అవసరం ఎక్కువ.

ఈ పాఠ్యభాగంలో మనం ఒక అరుదైన జన్యు నేత్రవ్యాధిని తీసుకుంటున్నాం. దాని పేరు అక్రోమటాప్సియా, అంటే సంపూర్ణ వర్ణాంధత్వం. ఈ వ్యాధి ఉన్నవారి మెదడును చిత్రించి 2002లో ఒక పరిశోధన బృందం ఒక మాట చెప్పింది. 2023లో మరో పెద్ద బృందం దాదాపు దానికి ఎదురుమాట చెప్పింది. ఈ రెండింటినీ ఎలా చదవాలన్నదే మన విషయం.

వారు అడిగిన ప్రశ్నను ముందు ఇంటి భాషలో చెప్పుకుందాం. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం మీకు తెలిసిందే. తువ్వాలు వేసిన మనిషి ఏ కారణంగానో బస్సు ఎక్కనే లేదనుకోండి. ఆ సీటు అలా ఖాళీగానే ఉంటుందా? పక్కవారు జరిగి కూర్చుంటారా? నాలుగు ఊళ్లు దాటిన తరువాత ఆ మనిషి ఎక్కితే అతనికి చోటు దొరుకుతుందా? పుట్టుక నుంచి కంటి సంకేతం అందని మెదడు భాగం గురించి శాస్త్రవేత్తలు అడిగింది ఇదే.

7.2 కంటిలో ఏం జరుగుతుంది?

కంటి వెనుక పొర అయిన నేత్రపటలంలో దండ కణాలు, శంకు కణాలు అని రెండు రకాల కాంతి గ్రాహకాలు ఉంటాయని మీరు పాఠశాలలో చదివారు. దండ కణాలు మసక వెలుతురులో పనిచేస్తాయి, రంగులు చెప్పలేవు. శంకు కణాలు పగటి వెలుతురులో పనిచేస్తాయి, రంగులనూ సూక్ష్మమైన వివరాలనూ అవే అందిస్తాయి. నేత్రపటలం నడిమధ్యన ఫోవియా అనే చిన్న గుంట ఉంది. అక్షరాలు చదివేటప్పుడు మీరు వాడేది దీన్నే. దీని మధ్యభాగంలో శంకు కణాలు కిక్కిరిసి ఉంటాయి, దండ కణాలు ఉండవు.

ఈ విషయాన్ని మీరే పరీక్షించవచ్చు. కరెంటు పోయిన రాత్రి డాబా మీదికి వెళ్లి ఒక మసక నక్షత్రాన్ని సూటిగా చూడండి. అది మాయమవుతుంది. చూపును కొంచెం పక్కకు తిప్పండి, మళ్లీ కనిపిస్తుంది. మసక వెలుతురులో శంకు కణాలు పనిచేయవు, సూటిగా చూసినచోట దండ కణాలు లేవు. అంటే చీకట్లో మనందరి చూపు మధ్యలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది.

సంపూర్ణ వర్ణాంధత్వం ఉన్నవారికి ఈ రంధ్రం పగలూ రాత్రీ ఉంటుంది. వారి శంకు కణాలు పుట్టుక నుంచీ పనిచేయవు. ప్రపంచం మొత్తం మీద సుమారు 30,000 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని అంచనా. రంగులు తెలియకపోవడం దీనిలో ఒక భాగం మాత్రమే. ఎండలో కళ్లు తెరవలేకపోవడం, చూపు బాగా మందగించడం, కనుగుడ్లు ఆగకుండా కదులుతూ ఉండడం కూడా దీని లక్షణాలే. ఎక్కువ మందిలో సీఎన్‌జీఏ3, సీఎన్‌జీబీ3 అనే జన్యువుల్లో ఒకదానిలోని లోపం ఇందుకు కారణం.

ఇది అంతర్గత వారసత్వం. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బిడ్డకు వ్యాధి వస్తుంది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లలో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ప్రాంతాల వారికి ఇది పట్టని విషయం కాదు.

7.3 మెదడులోని పటం

కంటి సంకేతాలు మెదడు వెనుక భాగంలోని ప్రాథమిక దృష్టి వల్కలానికి చేరతాయి. అక్కడ చూపు మొత్తం ఒక పటంలా పరచుకుని ఉంటుంది. ఈ సంగతి మొదట యుద్ధాల వల్ల బయటపడింది. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో తలకు తూటా తగిలిన సైనికులను జపాన్ నేత్రవైద్యుడు తత్సుజి ఇనోయె పరీక్షించాడు. మెదడు వెనుక ఎక్కడ గాయమైతే చూపులో ఏ భాగం పోయిందో గుర్తించి 1909లో ప్రచురించాడు.

ఈ పటంలో అన్ని భాగాలకూ సమాన స్థలం లేదు. చేయి చాచి మీ బొటనవేలి గోరును చూడండి. చూపులో అది ఆక్రమించేది ఇంచుమించు ఒకటి రెండు డిగ్రీలే. అయినా ఆ కాస్త జాగాకు మెదడు పటంలో చాలా పెద్ద స్థలం కేటాయించి ఉంటుంది. ఇప్పుడు మన ప్రశ్న బరువు మీకు అర్థమవుతుంది. శంకు కణాలు పనిచేయనివారిలో ఖాళీ అయ్యేది మూలనున్న సీటు కాదు, బస్సులో ముందు వరుస.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. మసక నక్షత్రం సూటిగా చూస్తే ఎందుకు కనిపించదు?
2. మెదడులోని దృష్టి పటంలో ఫోవియాకు ఎక్కువ స్థలం ఉండడం వల్ల ఈ వ్యాధి విషయంలో వచ్చే ప్రశ్న ఏమిటి?

7.4 2002 నాటి వాదన

హైడీ బేస్లర్, ఆంటొనీ మార్లండ్, బ్రయన్ వాండెల్ తదితరులు 2002లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. దండ కణాలతో మాత్రమే చూసేవారిని ఎమ్మారై యంత్రంలో పరీక్షించి, ఫోవియాకు చెందిన మెదడు భాగం ఏం చేస్తోందో వారు చూశారు. పోలిక కోసం మామూలు చూపున్నవారికి కూడా దండ కణాలు మాత్రమే పనిచేసే పరిస్థితి కల్పించి చూశారు.

మామూలు చూపున్నవారిలో ఆ పరిస్థితిలో ఫోవియా స్థానం స్తబ్ధంగా ఉంది. మీరు డాబా మీద చూసిన రంధ్రమే అది. కానీ వ్యాధి ఉన్నవారిలో అదే స్థానం గట్టిగా స్పందించింది. దీన్నిబట్టి రచయితలు, శంకు కణాల సంకేతం అందని ఆ స్థలాన్ని ఎదుగుదల కాలంలోనే దండ కణాల సంకేతాలు ఉపయోగించుకున్నాయని, అంటే మెదడు పటం పునర్వ్యవస్థీకరణ చెందిందని తేల్చారు. పక్కవారు జరిగి ఖాళీ సీట్లో కూర్చున్నారన్నమాట.

ఈ వ్యాసం బలాన్ని ముందు ఒప్పుకోవాలి. మంచి విమర్శ లోపాలతో మొదలుకాదు. సాధారణ పగటి చూపుతో పోల్చకుండా, దండ కణాలతో దండ కణాలను పోల్చడం చక్కని ఆలోచన. ఆ పోలిక లేకపోతే ఆ ఫలితానికి అర్థమే ఉండేది కాదు.

7.5 చిత్రాన్ని ప్రశ్నించడం

ఇలాంటి వ్యాసం మీ చేతికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి.

మొదటిది, యంత్రం కొలిచింది ఏమిటి? ఈ పద్ధతిలో ఎమ్మారై యంత్రం నాడీకణాల పనిని నేరుగా చూడదు. పనిచేసే చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది, ఆ రక్తంలోని ఆక్సిజన్ మార్పును యంత్రం పసిగడుతుంది. కొన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చే ఈ మార్పును కొద్ది మిల్లీమీటర్ల చిన్న గడుల్లో లెక్కగడతారు. ఒక్కో గడిలో లక్షల నాడీకణాలు ఉంటాయి. బొమ్మలోని ఎరుపు, పసుపు మెదడులో ఉన్న రంగులు కావు, గణాంకాలకు కంప్యూటర్ వేసిన రంగులు. ఎంత మార్పు వస్తే రంగు వేయాలో నిర్ణయించేది పరిశోధకులే.

రెండవది, పరీక్షకు కూర్చున్నవారు ఆ పరీక్ష కోరినది చేయగలరా? మెదడు పటం గీయడానికి ఒక చుక్కనే చూస్తూ ఉండమని చెప్పి, దాని చుట్టూ వలయాలను పెద్దవి చేస్తూ పోతారు. చూపు నిలిస్తేనే ఏ వలయం నేత్రపటలంలో ఎక్కడ పడిందో తెలుస్తుంది. కానీ ఈ వ్యాధిలో కనుగుడ్లు నిలవవు. పైగా మధ్యలో రంధ్రం ఉన్నవారు పక్కచూపుతో చూసే అలవాటు చేసుకోవచ్చు. గజగజలాడే చేతితో గీసిన పటంలో చిన్న చెరువు పూడిపోయినట్లు కనిపించవచ్చు. అది చెరువు పూడినందువల్లా, చేయి వణికినందువల్లా అన్నది వేరే తేల్చుకోవాలి. ఈ రంగంలో పనిచేసేవారందరికీ ఈ ఇబ్బంది తెలుసు. కొలతను పూర్తిగా దీని నుంచి కాపాడడం మాత్రం కష్టం.

మూడవది, స్పందన వచ్చినంత మాత్రాన అది కంటి నుంచే వచ్చిందా? 2008లో వాండెల్ కూడా భాగస్వామిగా ఉన్న ఒక పరిశోధన, కంటి మధ్యభాగం దెబ్బతిన్న మరో వ్యాధి ఉన్నవారిని పరిశీలించింది. బొమ్మను ఊరకే చూస్తున్నప్పుడు మెదడులోని ఆ భాగం మౌనంగా ఉంది. బొమ్మ గురించి ఏదైనా పని అప్పగించినప్పుడు స్పందించింది. అంటే స్పందన మెదడులోని పై కేంద్రాల నుంచి వెనక్కి వచ్చి ఉండవచ్చు. ఎవరో సీట్లో కూర్చున్నారని అనుకుంటే, అది పైనుంచి పడిన నీడ మాత్రమే కావచ్చు.

నాలుగవది, ఎంతమందిని చూశారు? వ్యాధి అరుదైనది కాబట్టి ఇలాంటి పరిశోధనలు కొద్దిమందితోనే మొదలవుతాయి. అది తప్పు కాదు. అయితే కొద్దిమందిలో కనిపించినదాన్ని వ్యాధి లక్షణంగా చెప్పడం మరో మెట్టు. ఆ మెట్టు ఎక్కడానికి విడిగా సాక్ష్యం కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. కనుగుడ్లు కదలడం వల్ల మెదడు పటంలో ఏ పొరపాటు రావచ్చు?
2. 2008 నాటి పరిశోధన 2002 ఫలితాన్ని నేరుగా ఖండించిందని చెప్పవచ్చా? మీ కారణం రాయండి.

7.6 20 ఏళ్ల తరువాత

2023లో పలు దేశాల కేంద్రాలు కలిసి చేసిన పరిశోధన వెలువడింది. జన్యుపరీక్షలో సీఎన్‌జీఏ3 లేదా సీఎన్‌జీబీ3 లోపం నిర్ధారణ అయిన 17 మందిని ఇందులో పరీక్షించారు. ఇంత అరుదైన వ్యాధికి ఇది పెద్ద సంఖ్యే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లెక్కింపు పద్ధతులను, రెండు వేరువేరు దత్తాంశాలను వాడారు. రెండు దారులూ ఒకే చోటికి చేర్చాయి: సమూహాన్ని మొత్తంగా చూస్తే ఫోవియా స్థానం చెప్పుకోదగినంతగా ఆక్రమణకు గురైనట్లు కనిపించలేదు. సీటు చాలావరకు ఖాళీగానే ఉంది.

ఇక్కడ మీరు ఒక సంగతి గమనించాలి. 2002 వ్యాసం రాసిన బేస్లర్, మార్లండ్ ఈ 2023 వ్యాసం రచయితల్లో కూడా ఉన్నారు. తమ పాత మాటను పరీక్షకు పెట్టి, ఫలితం ఎదురు తిరిగితే ఆ ఎదురుమాట కింద సంతకం చేశారు. సాహిత్య విమర్శలో ఇది అరుదుగా చూస్తాం. శాస్త్రంలోనూ అంత తరచుగా జరగదు.

అయితే ఈ వ్యాసాన్ని కూడా అదే శ్రద్ధతో చదవాలి. ఆక్రమణ ఎక్కడా లేదని రచయితలు అనలేదు. అది ఈ వ్యాధికి సాధారణ లక్షణం కాదన్నారు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. సమూహపు సగటులో కనిపించనిది ఒక వ్యక్తిలో ఉండవచ్చు. అందుకే వారు చికిత్సకు ముందు ఒక్కొక్కరి మెదడునూ విడిగా చిత్రించి చూడాలని సూచించారు.

పైగా, ఖాళీగా ఉన్న సీటు చెక్కుచెదరకుండా ఉందని అర్థం కాదు. 2022లో వెలువడిన మరో పరిశోధన మెదడు నిర్మాణాన్ని కొలిచింది. వ్యాధి ఉన్న 15 మందిని, మామూలు చూపున్న 42 మందిని పోల్చింది. వ్యాధి ఉన్నవారిలో ఫోవియాకు, దాని చుట్టుపక్కల భాగాలకు చెందిన మెదడు ఉపరితలం తక్కువగా ఉంది. సరిగ్గా మధ్యస్థానంలో మాత్రం మెదడు పొర మందం ఎక్కువగా ఉంది. మందం ఎక్కువంటే బలం ఎక్కువని అనుకోకండి. బాల్యంలో చూపు అనుభవంతో అనవసరమైన నాడీ సంధులు తెగిపోయి ఆ పొర పలచబడుతుందని, సంకేతాలు అందకపోతే ఆ కత్తిరింపు సరిగా జరగదని ఒక వివరణ. పుట్టుగుడ్డివారిలో కూడా ఇలాంటి మార్పులే కనిపించాయి.

7.7 ఈ వాదం ఎవరికి ముఖ్యం?

ఇది శాస్త్రవేత్తల మధ్య తగువు మాత్రమే అయితే మీకు పాఠంగా పెట్టవలసిన పని లేదు. ఈ వ్యాధికి జన్యుచికిత్స ప్రయోగాలు జరుగుతున్నాయి. లోపమున్న జన్యువుకు సరైన ప్రతిని నేత్రపటలంలోకి పంపి శంకు కణాలను పనిచేయించాలన్నది ఆలోచన. శంకు కణాలు పనిచేయడం మొదలుపెడితే వాటి సంకేతం ఎక్కడికి వెళ్లాలి? సీటు ఇంకొకరి వశమైతే ఆలస్యమైపోయిందని అర్థం. ఖాళీగా ఉంటే ఆశ ఉంది. 2002 వ్యాసంలోని ఒక్క మాటను బట్టి ఒక తల్లి తన బిడ్డ విషయంలో ఆశ వదులుకోవచ్చు. 2023 వ్యాసాన్ని తొందరగా చదివి మరో తల్లి లేని ఆశ పెట్టుకోవచ్చు.

దొరికిన సాక్ష్యం ఈ రెండింటి మధ్యన ఉంది. 2022లో లండన్ పరిశోధకులు జన్యుచికిత్స పొందిన నలుగురు పిల్లల మెదడు చిత్రాలను ప్రచురించారు. వారి వయసు 10 నుంచి 15 ఏళ్లు. చికిత్స పొందని 9 మందితో, మామూలు చూపున్న 28 మందితో పోల్చారు. నలుగురిలో ఇద్దరి మెదడులో శంకు కణాల నుంచి కొత్తగా సంకేతాలు వస్తున్నట్లు బలమైన ఆధారం దొరికింది. చూపు పరీక్షలోనూ చికిత్స చేసిన కంటికి ఆ మేరకు మెరుగు కనిపించింది.

ఇద్దరిలో వచ్చిందని చెప్పినప్పుడు మిగతా ఇద్దరిలో రాలేదని కూడా చెప్పాలి. వార్త రాసేవారు మొదటి సగం రాసి ఆపేస్తారు. విమర్శకుడి పని రెండవ సగాన్ని పూర్తిచేయడం. అలాగే సంకేతం మెదడుకు చేరడమూ, ఆ మనిషి రంగులను మనలా చూడడమూ ఒకటి కాదు. 2023లో ఇజ్రాయెల్ పరిశోధకులు చికిత్స పొందిన కొద్దిమందిని పరీక్షించి, చీకటి నేపథ్యం మీది ఎరుపును వారు వేరుగా గుర్తించగలిగారని, అయితే వారి అనుభవం మామూలు చూపున్నవారి రంగుల అనుభవం వంటిది కాదని తెలిపారు.

7.8 చిత్రంలో పట్టనిది

మెదడు చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా అందులో మనిషి కనిపించడు. ఇందుకు ఒక పుస్తకాన్ని పక్కన పెట్టి చూడడం మంచిది. నాడీవైద్యుడు ఆలివర్ సాక్స్ 1994లో పసిఫిక్ మహాసముద్రంలోని పింగెలాప్ దీవికి వెళ్లాడు. సుమారు 1775లో వచ్చిన తుఫాను తరువాత అక్కడ 20 మంది వరకే మిగిలారని చెబుతారు. వారి సంతానం తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడంతో ఈ అరుదైన వ్యాధి అక్కడ సాధారణమైపోయింది. ఆ ప్రయాణంపై సాక్స్ రాసిన ‘ది ఐలండ్ ఆఫ్ ది కలర్‌బ్లైండ్’ పుస్తకం ఈ పరిశోధనలకు ముందుదే. ఆయన వెంట వెళ్లిన క్నూట్ నార్డ్‌బీ అనే నార్వే శాస్త్రవేత్తకు కూడా ఇదే వ్యాధి ఉంది.

ఎండలో కళ్లు చిట్లించే పిల్లలు, చీకట్లో చేపలవేటలో ఆరితేరినవారు, మసక గుడిసెలో కూర్చుని వెలుగునీడల తేడాలతోనే చాపలు అల్లే స్త్రీ ఆ పుస్తకంలో కనిపిస్తారు. వారిని ఖాళీ సీటు అనగలమా? వాళ్లు చూస్తున్నారు, మనకంటే వేరుగా చూస్తున్నారు. ఖాళీ అన్న మాట మామూలు చూపును కొలబద్దగా పెట్టుకున్నవారి మాట. పుస్తకానికీ పరిమితులున్నాయి. బయటినుంచి వెళ్లిన మనిషి కొద్దిరోజుల్లో చూసినది అది. మెదడు పటం గురించి అది ఏమీ చెప్పలేదు. చిత్రానికి పుస్తకం, పుస్తకానికి చిత్రం బదులు కావు.

ఇప్పుడు మన బస్సు ఉపమానాన్ని కూడా విమర్శకు పెట్టండి. బస్సు సీటు మనిషి ఎక్కకపోయినా మారదు. మెదడు మారుతుందని 2022 నాటి కొలతలు చెప్పాయి. సీట్లో కూర్చుంటే ఒకరు కూర్చున్నట్టే, లేకపోతే లేనట్టే. మెదడులో మధ్యస్థితులు ఉంటాయి. ఉపమానం తలుపు దాకా తీసుకువెళుతుంది. లోపలికి వెళ్లేటప్పుడు దాన్ని బయటే విడిచి వెళ్లాలి.

7.9 సారాంశం

సంపూర్ణ వర్ణాంధత్వంలో శంకు కణాలు పుట్టుక నుంచి పనిచేయవు. అందువల్ల ఫోవియాకు చెందిన పెద్ద మెదడు భాగానికి సంకేతాలు అందవు. ఆ భాగాన్ని దండ కణాల సంకేతాలు ఉపయోగించుకున్నాయని 2002 పరిశోధన తేల్చింది. అది వ్యాధికి సాధారణ లక్షణం కాదని 2023లో పెద్ద బృందం చూపింది. ఆ భాగం నిర్మాణంలో మార్పులున్నాయని 2022 పరిశోధన తెలిపింది. అదే ఏడాది వెలువడిన చికిత్స పరిశోధనలో నలుగురిలో ఇద్దరికి కొత్త సంకేతాలు మెదడుకు చేరాయి. మెదడు చిత్రం ఒక జవాబు. అడిగిన ప్రశ్న, కొలిచిన పద్ధతి, చూసిన మనుషుల సంఖ్య తెలియకుండా ఆ జవాబును వాడుకోకూడదు.

7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. సంపూర్ణ వర్ణాంధత్వంపై 2002, 2023 పరిశోధనలను పోల్చి విమర్శించండి.
2. మెదడు చిత్రం ఉన్న ఒక వార్తను మీ దినపత్రిక నుంచి తీసుకుని, 7.5లోని నాలుగు ప్రశ్నల ఆధారంగా సమీక్షించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ‘ఆక్రమణ లేదు’, ‘ఆక్రమణ సాధారణ లక్షణం కాదు’ అనే వాక్యాల మధ్య తేడా ఏమిటి?
2. ఈ పాఠ్యభాగంలో వాడిన బస్సు సీటు ఉపమానం ఎక్కడ ఉపయోగపడింది, ఎక్కడ పనికిరాలేదు?
3. మీకు తెలిసిన ఇంట్లో ఈ వ్యాధి ఉన్న బిడ్డ ఉందనుకోండి. చికిత్స గురించి ఇప్పటికి తెలిసినదాన్ని ఆ తల్లిదండ్రులకు అర్థమయ్యేలా, ఆశ పెంచకుండా తుంచకుండా, మీ సొంత మాటల్లో రాయండి.